టీ కణాలను రెచ్చగొట్టే, శాంతింపజేసే యాంటీబాడీ మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద జబ్బు అనగానే నెల్లూరు వాళ్లం చెన్నై రైలెక్కుతాం, ఒంగోలు వాళ్లు గుంటూరుకో హైదరాబాదుకో పోతారు. అక్కడ డాక్టరు పది నిమిషాల్లో చెప్పిన మాటల్లో సగం ఇంటికి చేరేసరికి గుర్తుండవు. చేతిలో మిగిలేది నోరు తిరగని మందు పేరున్న చీటీ. నేను ఇమ్యునాలజీ పాఠాలు చెప్పే మనిషిని. బంధువులు, తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలనే ఇక్కడ పెట్టాను. ఈ యాంటీబాడీ మందుల్లో కొన్ని టీ కణాలనే తెల్ల రక్తకణాలను రెచ్చగొడతాయి, కొన్ని శాంతింపజేస్తాయి. మీ ఇంట్లో మనిషికి ఎక్కిస్తున్నది ఏ రకమో తెలిస్తే, ఏ లక్షణానికి భయపడాలో ఏది వదిలేయవచ్చో మీకే తెలుస్తుంది. ఏ మందు, ఎంత డోసు అన్నది మాత్రం మీ డాక్టరు తేల్చాల్సిందే.

యాంటీబాడీ మన ఒంట్లోనే తయారవుతుంది కదా, అది మందు ఎలా అయింది?

మన ఒంట్లో బి కణాలనే తెల్ల రక్తకణాలు యాంటీబాడీలనే ప్రోటీన్లను తయారుచేస్తాయి. ఒక్కో యాంటీబాడీ ఒక్కో గుర్తునే పట్టుకుంటుంది, మిగతావాటి జోలికి పోదు. 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోహ్లర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. దానికి 1984లో నోబెల్ వచ్చింది. అలా ఒకే రకంగా తయారైనవే మోనోక్లోనల్ యాంటీబాడీలు. వాటి పేర్ల చివర 'మాబ్' అని ఉంటుంది.

మొదట్లో వచ్చినవి ఎలుక యాంటీబాడీలు. మన ఒళ్లు వాటిని పరాయివిగా గుర్తించి తిప్పికొట్టేది. తర్వాత ఎలుక భాగాన్ని తగ్గిస్తూ, మనిషి యాంటీబాడీని పోలినవి తయారుచేశారు. ఇప్పుడు చాలావాటిని పెద్ద ట్యాంకుల్లో పెంచిన హామ్‌స్టర్ కణాల్లో తయారుచేస్తారు. ఇవి ప్రోటీన్లు, మింగితే కడుపులో అరిగిపోతాయి. అందుకే సెలైన్‌లో ఎక్కించడమో చర్మం కింద సూది వేయడమో తప్ప మాత్ర రూపంలో దొరకవు.

టీ కణం అంటే ఏమిటి? దానికీ ఈ మందుకూ ఏం సంబంధం?

తెల్ల రక్తకణాల్లో అది ఒక రకం. ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో పెరిగి, ఒళ్లంతా తిరుగుతూ ఉంటుంది. వైరస్ చేరిన కణాన్నీ, క్యాన్సర్‌గా మారిన కణాన్నీ గుర్తుపట్టి చంపేది అదే. కొత్తగా అమర్చిన కిడ్నీ మీదికి పోయేదీ అదే.

టీ కణం ఊరికే రెచ్చిపోదు. తనకు పట్టే గుర్తు ఎదుటి కణం మీద కనపడాలి. దాంతోపాటు సీడీ28 అనే తన గ్రాహకానికి (కణం మీద ఉండి సంకేతాలు అందుకునే ప్రోటీన్‌కు) రెండో సంకేతమూ అందాలి. రెండూ అందితేనే అది పదింతలు, వందింతలుగా పెరిగి పనిలోకి దిగుతుంది. రెచ్చిపోయిన టీ కణాన్ని ఆపడానికి ఒళ్లు వేరే ఏర్పాటు పెట్టుకుంది. సీటీఎల్ఏ-4 అనేది ఒకటి, పీడీ-1 అనేది ఇంకొకటి. ఒంగోలు గిత్తకు ముకుతాడు ఎలాగో టీ కణానికి ఇవి అలాగ. బలం తగ్గించవు, పట్టి ఉంచుతాయి. సీటీఎల్ఏ-4 లేకుండా పుట్టించిన ఎలుకలు మూడు నాలుగు వారాల్లోనే చచ్చిపోయాయి. టీ కణాలు వాటి సొంత అవయవాలనే తినేశాయి. ఈ పట్టు ఎంత అవసరమో 1995లో వచ్చిన ఆ ప్రయోగాలతో తెలిసింది.

క్యాన్సర్ కణం ఈ పట్టునే వాడుకుంటుంది. తన ఒంటి మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను పెంచి, దగ్గరికొచ్చిన టీ కణం పీడీ-1ను తాకి దాన్ని చల్లబరుస్తుంది. ఆ రెండూ కలవకుండా మధ్యలో అడ్డుపడేదే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందు. పీడీ-1ను 1992లో జపాన్‌లో కనిపెట్టింది తసుకు హోంజో బృందం. సీటీఎల్ఏ-4ను అడ్డుకుంటే ఎలుకల్లో గడ్డలు కరుగుతాయని 1996లో చూపించింది అమెరికాలో జేమ్స్ ఆలిసన్ బృందం. ఇద్దరికీ 2018లో నోబెల్ ఇచ్చారు.

మా నాయనకి నోటి క్యాన్సర్. కీమోతో పాటు ఇమ్యునోథెరపీ కూడా ఇస్తామంటున్నారు. రెండూ ఒకటి కాదా?

కాదు. కీమో వేగంగా పెరిగే కణాన్ని నేరుగా చంపుతుంది. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రక్తకణాలు తగ్గుతాయి. ఇమ్యునోథెరపీ అంటే పైన చెప్పిన నివోలుమాబ్ లాంటి మందు, అది క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపదు. చంపే పని మీ నాయన టీ కణాలదే. మందు వాటి అడ్డు తీస్తుంది, అంతే. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

పొగాకు పండించే, చుట్టలు కాల్చే, గుట్కా నమిలే మన జిల్లాల్లో నోటి, గొంతు క్యాన్సర్లు కొత్తవి కావు. తిరగబెట్టిన, లేదా వేరే చోటికి పాకిన తల, మెడ భాగం క్యాన్సర్‌కు పెంబ్రోలిజుమాబ్‌ను మొదటి మందుగా వాడడానికి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా వాడడానికి 2025 జూన్‌లో వచ్చింది. పొగాకు మానకుండా మందొక్కటే నడిపిస్తే లాభం లేదని మీ నాయనకి మీరే గట్టిగా చెప్పాలి.

అందరికీ పనిచేస్తుందా?

లేదు. ఇది దాచకుండా చెప్పాల్సిన మాట. వాట్సాప్‌లో తిరిగేవన్నీ బాగా పనిచేసినవాళ్ల కథలు. అవి నిజమే. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మెదడుకు పాకింది. మిగతా చికిత్సతో పాటు పెంబ్రోలిజుమాబ్ తీసుకున్నాడు. 100 ఏళ్లు నిండాక 2024 డిసెంబరులో పోయాడు. ముదిరిన మెలనోమా వచ్చినవాళ్లు ఒకప్పుడు ఏడాది బతకడమే కష్టంగా ఉండేది. సీటీఎల్ఏ-4ను అడ్డుకునే ఇపిలిముమాబ్, నివోలుమాబ్ రెండూ కలిపి ఇచ్చిన పెద్ద ట్రయల్‌లో పదేళ్ల తర్వాత 43 శాతం మంది బతికి ఉన్నారు. అదే ట్రయల్‌ను ఇటు నుంచి చూస్తే, సగానికి పైగా పోయారన్నమాట. పైగా మెలనోమా ఈ మందులకు బాగా లొంగే జబ్బు. చాలా క్యాన్సర్లలో ఫలితం అంత ఉండదు.

అందుకే ముందు గడ్డ ముక్కకు పరీక్ష చేస్తారు. పీడీ-ఎల్1 ఎంత ఉందో చూస్తారు. పేగు, గర్భసంచి క్యాన్సర్లలో డీఎన్ఏ తప్పులు దిద్దుకునే వ్యవస్థ చెడిందా అని చూస్తారు. ఆ వ్యవస్థ చెడిన గడ్డలో పరాయి గుర్తులు ఎక్కువ, టీ కణాలకు పట్టుబడడం సులువు. ఆ పరీక్షకు వేల రూపాయలా అని వెనకాడకండి. లక్షలు పెట్టే ముందు అది చెప్పే సమాచారం చాలా విలువైనది.

రెండు డోసుల తర్వాత స్కాన్ తీస్తే గడ్డ పెరిగినట్టు కనిపించింది. ఆపేయాలా?

కొద్దిమందిలో టీ కణాలు గడ్డలోకి గుంపుగా చేరి, అది ఉబ్బి పెద్దదైనట్టు కనిపిస్తుంది. తర్వాత తగ్గుతుంది. కానీ ఇది అరుదు. పెరిగిందంటే ఎక్కువసార్లు నిజంగానే పెరిగింది. మనిషి తేరుకుంటున్నాడా, నీరసిస్తున్నాడా అన్నది చూసి, కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కాన్ చేయించి డాక్టరు తేలుస్తాడు.

ఇంత ఖర్చు ఎక్కడి నుంచి తేవాలి? తక్కువ డోసు ఇస్తే సరిపోతుందని ఒకరన్నారు.

ఈ ప్రశ్న అడిగినవాళ్ల గొంతులో టెన్షన్ నాకు తెలుసు. చేలు అమ్ముకున్న కుటుంబాలు ఉన్నాయి. తక్కువ డోసు మాట గాలి కబురు కాదు, మన దేశం నుంచే వచ్చిన గట్టి పరిశోధన. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్లు, నయం చేయలేని దశకు వచ్చిన తల, మెడ క్యాన్సర్ రోగులు 151 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు నోటితో వేసుకునే తక్కువ డోసు మందులు మాత్రమే ఇచ్చారు. రెండో గుంపుకు వాటితో పాటు మూడు వారాలకోసారి 20 మి.గ్రా. నివోలుమాబ్ ఇచ్చారు. మామూలు డోసు రెండు వారాలకు 240 మి.గ్రా. అంటే పదోవంతు కూడా కాదు. ఏడాది తర్వాత మొదటి గుంపులో 16.3 శాతం మంది, రెండో గుంపులో 43.4 శాతం మంది బతికి ఉన్నారు. 2022లో ఇది ప్రచురితమైంది.

పీడీ-1 గ్రాహకాలను నింపడానికి కొంచెం మందు చాలు, ఆపైన పోసినదంతా అదనపు ఫలితం ఇవ్వదేమో అన్నది దీని వెనక ఆలోచన. ఈ పరిశోధన తక్కువ డోసును పూర్తి డోసుతో పోల్చలేదు. నివోలుమాబ్ అసలే లేని చికిత్సతో పోల్చింది. అయినా పూర్తి డోసు కొనలేని మనిషికి ఉన్న దారి 'ఏమీ లేకపోవడం' అయినప్పుడు ఈ ఫలితం చాలా పెద్దది అని నా అభిప్రాయం. తల, మెడ క్యాన్సర్ అయితే మీ డాక్టరును మొహమాటం లేకుండా దీని గురించి అడగండి. వేరే క్యాన్సర్‌కు ఇదే లెక్క వేసుకోకండి.

ఇంకా ఉన్న దారులు: ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగడం, ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవడం, కంపెనీ ఇచ్చే ఉచిత డోసుల పథకం ఉందేమో ఆంకాలజీ (క్యాన్సర్) విభాగంలో విచారించడం. పీడీ-ఎల్1ను అడ్డుకునే దుర్వాలుమాబ్ మీద 2024 బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, ఎంఆర్‌పీ తగ్గించమని కంపెనీకి చెప్పారు.

ధర తక్కువని తెలిసినవాళ్ల ద్వారా, బిల్లు లేకుండా మాత్రం కొనొద్దు. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా, వాడేసిన ఖరీదైన క్యాన్సర్ మందు సీసాలను కొని, వేరే మందు నింపి అమ్మింది. సీలు చూడండి, బ్యాచ్ నంబరు రాసుకోండి, ఖాళీ సీసాను మీ ఎదుటే పగలగొట్టమనండి.

చెన్నైలో కొని నెల్లూరుకు తెచ్చుకోవచ్చా?

తేవచ్చు, కానీ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పకూడదు. మే నెలలో మన ఎండ సంగతి చెప్పాలా! ఐస్ ప్యాకులు పెట్టిన పెట్టెలో, సీసా మంచుకు నేరుగా తగలకుండా, గడ్డకట్టకుండా, కుదుపులు లేకుండా తేవాలి. గడ్డకట్టిందంటే పారేయడమే. మందు ఎక్కించే ఆస్పత్రి ఫార్మసీ నుంచే తెప్పించుకోవడం అన్నిటికన్నా మేలు.

దుష్ప్రభావాలు ఏమిటి? కీమో అంత ఇబ్బంది ఉండదంటున్నారు.

చాలామందికి ఉండదు. మందు ఎక్కించుకుని సాయంత్రం బస్సెక్కి కావలి వచ్చేస్తారు. వచ్చినప్పుడు మాత్రం అది కీమో ఇబ్బందిలా ఉండదు. అందుకే పోల్చుకోలేక ఆలస్యం చేస్తారు. అడ్డు తీసిన టీ కణాలు క్యాన్సర్‌తో పాటు సొంత అవయవాల మీదికి కూడా పోతాయి. ఏ అవయవమైనా కావచ్చు, ఎప్పుడైనా కావచ్చు.

మొదటి వారాల్లో చర్మం మీద దద్దుర్లు, దురద. తర్వాత విరేచనాలు. ఆ తర్వాత లివర్ ఎంజైములు పెరగడం, థైరాయిడ్ తేడాలు. ఊపిరితిత్తుల్లో వాపు వస్తే పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. మెదడు కింది పిట్యూటరీ గ్రంథికి తగిలితే తగ్గని తలనొప్పి, బీపీ పడిపోవడం. హఠాత్తుగా షుగర్ నాలుగైదు వందలకు పోవచ్చు, అది టైప్ 1 షుగర్, ఇన్సులిన్ తప్పదు. గుండె కండరం వాపు అరుదు, కానీ ప్రాణాంతకం. ఛాతీ నొప్పి, ఆయాసం, రెప్పలు వాలిపోవడం, కండరాల నొప్పి కలిసి వస్తే ఆ రాత్రే ఎమర్జెన్సీకి పోవాలి.

నాకు అన్నిటికన్నా బెంగ కలిగించేది విరేచనాలు. మామూలు కన్నా రోజుకు నాలుగుసార్లు ఎక్కువ పోయినా, రక్తమో జిగటో కనిపించినా, అది తిన్నది పడక కాదు, టీ కణాలు పెద్దపేగు మీద పడ్డాయేమో అని చూడాలి. మనవాళ్లు ఏం చేస్తారు? ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి విరేచనాలు కట్టే మాత్ర, రెండు సెలైన్లు. రెండు రోజులు తగ్గినట్టుంటుంది. లోపల పేగు పుండు పడుతూనే ఉంటుంది, చిల్లు పడే దాకా కూడా పోవచ్చు. ఇదే సంగతి వారం ముందు తెలిస్తే స్టెరాయిడ్‌తో అదుపులోకి వచ్చేది. స్టెరాయిడ్‌కు లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంకో యాంటీబాడీ ఉంది.

ఆర్‌ఎంపీ కావచ్చు, ఒంగోలు సర్వజన ఆస్పత్రి క్యాజువాలిటీలో కొత్త డాక్టరు కావచ్చు, ఎవరి దగ్గరికి పోయినా నోట వచ్చే మొదటి మాట 'ఇమ్యునోథెరపీ మీద ఉన్నాం' అని కావాలి. మందు పేరు, చివరి డోసు తేదీ, ఆంకాలజిస్టు ఫోన్ నంబరు ఒక కార్డు మీద రాసి రోగి జేబులో ఒకటి, ఇంట్లో క్యాలెండర్ పక్కన ఒకటి పెట్టండి. 'కీమో' అని చెప్పకండి. కీమో అంటే ఎదుటి డాక్టరు తెల్లకణాలు తగ్గాయేమో అని ఒక దిక్కే చూస్తాడు.

స్టెరాయిడ్ వాడితే ఇమ్యునోథెరపీ వృథా అవుతుందా?

దుష్ప్రభావం వచ్చాక కొన్ని వారాలు వాడినంత మాత్రాన క్యాన్సర్ మీద ఫలితం పోతుందని భయపడి స్టెరాయిడ్ మానకండి. ప్రాణం ముందు. మందు మొదలుపెట్టే నాటికే వేరే కారణంతో రోజూ 10 మి.గ్రా. పైన ప్రెడ్నిసొలోన్ వాడుతున్నవాళ్లలో ఫలితం తక్కువగా కనిపించింది. కాబట్టి కీళ్ల నొప్పులకనీ, ఆయాసానికనీ ముందు నుంచీ ఏదైనా మాత్ర మింగుతుంటే డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపడమూ తప్పే, నాలుగైదు వారాలకు పైగా మెల్లగా తగ్గించాలి.

మా మామ కనిగిరి దగ్గర. కిడ్నీ మార్పిడి చేస్తున్నారు, 'బసిలిక్సిమాబ్' రాశారు. క్యాన్సర్ మందు ఎందుకు?

అది క్యాన్సర్ మందు కాదు. మాబ్ అని ఉన్నవన్నీ క్యాన్సర్‌వి కావు. ఇక్కడ కావలసింది క్యాన్సర్‌లో కావలసినదానికి సరిగ్గా తలకిందులు: టీ కణాలు నిద్రపోవాలి. కొత్త కిడ్నీ మీ మామ ఒంటికి పరాయిది, సొంత చెల్లెలే ఇచ్చినా సరే.

రెచ్చిన టీ కణం ఐఎల్-2 అనే రసాయనాన్ని అందుకుని పెరుగుతుంది. అందుకునే గ్రాహకాన్ని బసిలిక్సిమాబ్ మూసేస్తుంది. 20 మి.గ్రా. ఒకటి ఆపరేషన్‌కు కాస్త ముందు, ఇంకొకటి నాలుగో రోజు. అంతే. ఆ తర్వాత రోజూ మింగే టాక్రోలిమస్ లాంటి మాత్రలు దాని పనిని కొనసాగిస్తాయి. తిరస్కరణ ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకు ఏటీజీ ఇస్తారు. అది కుందేళ్ల నుంచి తీసిన యాంటీబాడీల మిశ్రమం, టీ కణాలను ఏకంగా తుడిచేస్తుంది. అందుకే వైరస్, ఫంగస్ జ్వరాల భయం ఎక్కువ, వాటిని ఆపే మాత్రలు కూడా కొన్ని నెలలు ఇస్తారు.

మనుషులకు వాడడానికి అనుమతి వచ్చిన మొట్టమొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ కూడా కిడ్నీ మార్పిడి కోసమే వచ్చింది. 1986లో వచ్చిన మురోమోనాబ్ టీ కణం మీది సీడీ3ను పట్టుకునేది. మొదటి డోసుకే చలి జ్వరం, ఆయాసం. ఇప్పుడు వాడడం లేదు.

కిడ్నీ మార్పిడి జరిగిన మనిషికి క్యాన్సర్ వస్తే ఇమ్యునోథెరపీ ఇవ్వొచ్చా?

చాలా జాగ్రత్తగా. క్యాన్సర్ కోసం రెచ్చగొట్టిన టీ కణాలు అమర్చిన కిడ్నీనీ వదలవు. ఇప్పటిదాకా వచ్చిన నివేదికల్లో దాదాపు పది మందిలో నలుగురికి కిడ్నీ తిరస్కరణ కనిపించింది. డయాలసిస్‌కు తిరిగి పోవడానికి సిద్ధపడి నిర్ణయం తీసుకోవాల్సి రావచ్చు. ఆంకాలజిస్టు, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని మీతో మాట్లాడేలా పట్టుబట్టండి.

కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి. అబటాసెప్ట్ అనేది పూర్తి యాంటీబాడీ కాదు. సీటీఎల్ఏ-4 ముక్కను యాంటీబాడీ తోకకు అతికించి చేశారు. టీ కణానికి అందాల్సిన రెండో సంకేతాన్ని అది దారిలోనే పట్టేస్తుంది. సోరియాసిస్‌కు మన బెంగళూరు బయోకాన్ తెచ్చిన ఇటోలిజుమాబ్ ఉంది, టీ కణం మీది సీడీ6ను పట్టుకుంటుంది. 2013లో అనుమతి వచ్చింది. కోవిడ్‌లో ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లకు అత్యవసరంగా వాడడానికి 2020 జులైలో పరిమిత అనుమతి కూడా ఇచ్చారు.

రోగనిరోధక శక్తిని తగ్గించే ఇలాంటి మందులకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. మన దగ్గర క్షయ క్రిమి చాలామంది ఒంట్లో నిద్రాణంగా ఉంటుంది, దాన్ని కట్టి ఉంచేది టీ కణాలే. ఇంట్లో ఎవరికైనా ఒకప్పుడు టీబీ వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి.

పిల్లలకు వచ్చే షుగర్‌ను ఆపే యాంటీబాడీ ఉందని విన్నాం.

ఆపదు, వెనక్కి నెడుతుంది. పేరు టెప్లిజుమాబ్. టైప్ 1 షుగర్‌లో టీ కణాలు క్లోమంలోని ఇన్సులిన్ కణాలను చంపేస్తాయి. జబ్బు బయటపడక ముందే రక్తపరీక్షలో గుర్తించిన 76 మందితో ట్రయల్ చేశారు. 14 రోజులు వరుసగా ఇస్తే జబ్బు బయటపడడం మధ్యస్థంగా రెండేళ్లు ఆలస్యమైంది. 2022 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పటికే ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లవాడికి ఆ అనుమతి వర్తించదు. వాడి ఇన్సులిన్ ఒక్క పూట కూడా మానిపించవద్దు.

మనమీద ప్రయోగాలు చేస్తున్నారేమో అని అమ్మకు భయం.

భయానికి కారణం లేకపోలేదు. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరోగ్యంగా ఉన్న ఆరుగురు యువకులకు నిమిషాల తేడాతో ఎక్కించారు. అది సీడీ28ను నేరుగా రెచ్చగొట్టేది. గంటన్నరలోపే వణుకు, నొప్పులు, తర్వాత ఒక్కొక్క అవయవమూ మొరాయించడం మొదలైంది. ఆరుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. కోతుల్లో ఏమీ కాలేదు. ఎందుకంటే ఆ కోతుల టీ కణాల్లో ఒక ముఖ్యమైన రకం మీద సీడీ28 ఉండదు. ఆ తర్వాతే కొత్త మందును మొదట అతి తక్కువ డోసుతో, ఒక్కరికే ఇచ్చి, ఆగి చూసి, తర్వాతి మనిషికి ఇవ్వాలన్న పద్ధతి గట్టిపడింది.

మీ అమ్మకు ఇస్తున్నది అనుమతి పొందిన మందా, ట్రయల్ మందా అని సూటిగా అడగండి. ట్రయల్ అయితే తెలుగులో రాసిన సమ్మతి పత్రం చదివి వినిపించాలి, ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఉంటుంది, నష్టం జరిగితే వైద్యమూ పరిహారమూ ఇవ్వాలి. 2019 నాటి నిబంధనలు ఇవన్నీ చెబుతున్నాయి. ట్రయల్ అన్నది బూతు మాట కాదు. టాటా ఆస్పత్రి ఫలితం కూడా 151 మంది ఒప్పుకుంటేనే మనకు దక్కింది.

పథ్యం ఉందా? చేపల పులుసు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. బాగా ఉడికిన చేప, గుడ్డు, మాంసం అన్నీ తినొచ్చు. తిండి తగ్గిపోయిన మనిషి దగ్గర పథ్యం మాట ఎత్తకండి. 'ఇమ్యూనిటీ పెంచే' పొడులూ కషాయాలూ మాత్రం వద్దు. లివర్ ఎంజైములు పెరిగితే అది మందు వల్లో పొడి వల్లో తేల్చలేక డాక్టరు మంచి మందునే ఆపాల్సి వస్తుంది.

టీకాలు?

ఫ్లూ టీకా లాంటి చంపిన క్రిమి టీకాలు వేయించుకోవచ్చు. మార్పిడి రోగులూ, టీ కణాలను శాంతింపజేసే మందులు వాడేవాళ్లూ బతికున్న క్రిమి టీకాలు వేసుకోకూడదు.

ఎంతకాలం ఎక్కించాలి? ఆపేశాక నిశ్చింతగా ఉండొచ్చా?

పనిచేస్తూ, ఒంటికి పడుతూ ఉంటే పెంబ్రోలిజుమాబ్‌ను చాలా క్యాన్సర్లలో రెండేళ్ల దాకా ఇస్తారు. 200 మి.గ్రా. అయితే మూడు వారాలకోసారి, 400 అయితే ఆరు వారాలకోసారి. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఆరు వారాల పద్ధతి కుదురుతుందేమో అడగండి, ప్రయాణాలు సగమవుతాయి.

ఆపేసిన రోజుతో మందు ఒంట్లోంచి పోదు. రక్తంలో సగం తగ్గడానికే మూడు వారాలకు పైగా పడుతుంది, టీ కణాలకు అంటుకున్నది నెలల తరబడి ఉంటుంది. చివరి డోసు తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి కూడా కొత్తగా థైరాయిడ్ తేడానో పేగు వాపో రావచ్చు. కాబట్టి రక్తపరీక్షలు డాక్టరు చెప్పినన్నాళ్లు చేయించండి. కార్డు జేబులోంచి తీయకండి. ఏడాది తర్వాత పంటి డాక్టరు దగ్గరికి పోయినా, జ్వరమొచ్చి ఊళ్లో సూది వేయించుకున్నా, ముందు ఆ కార్డు చూపించండి.